గోదావరిలోని సూదిమూతి చేప

మన గోదావరిఖని విద్యార్థులు బొగ్గుపొరల సంగతి అడిగితే గడగడా చెప్తారు గాని, పక్కనే పారే గోదావరి చేపల గురించి అడిగితే తడుముకుంటారు. అందుకే బెలోనిడే కుటుంబాన్ని గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

ఈ కుటుంబంలో ఎక్కువ జాతులు ఉష్ణ, సమశీతోష్ణ సముద్రాలవి. కొన్ని మాత్రం దక్షిణ అమెరికా, దక్షిణాసియా, ఆగ్నేయాసియా మంచినీళ్ళలో ఉంటాయి. మన గోదావరిలో దొరికేది జెనెంటోడాన్ కాన్సిలా. 1822లో హామిల్టన్ తన గంగానది చేపల గ్రంథంలో దీన్ని వర్ణించాడు.

గుర్తులు: సన్నని పొడవాటి శరీరం. రెండు దవడలూ ముక్కులా సాగి, నిండా సూదుల్లాంటి పళ్ళు. కింది దవడ ఒక్కటే పొడవైతే అది అర్ధముక్కు చేప, వేరే కుటుంబం. ప్రాక్టికల్స్‌లో ఈ తేడా మరువకండి. వీపు రెక్క, పాయు రెక్క తోక దగ్గర ఎదురెదురుగా ఉంటాయి. పార్శ్వరేఖ పొట్టవైపు దిగి ఉంటుంది. పొడవు 40 సెం.మీ. దాకా పెరుగుతుంది.

గుడ్లకు సన్నని పోగులుంటాయి. వాటితోనే అవి నీటిమొక్కలను పట్టుకుంటాయి. ఒడ్డున నాచూ గడ్డీ పోతే ఈ చేపకు గుడ్లు పెట్టే చోటే పోతుందన్నమాట. గనులు, విద్యుత్ కేంద్రాలు, ఊళ్ళ పక్కగా పారే నది మనది. కనుక మిత్రులారా, ఏటా ఒకే రేవులో, ఒకే నెలలో, వలలో పడ్డ ఈ చేపల్ని లెక్కపెట్టి రాసి ఉంచండి. పదేళ్ళకు ఆ నోటుబుక్కే మన గోదావరి ఆరోగ్యం ఎట్లా ఉందో చెప్తుంది.