ముందు ఊరిని రాయి

చిరంజీవి మనవరాలికి,

నీ కథ చదివాను. ఆఫ్రికా పల్లె, తెల్లదొరలు, తుపాకులు, మంటలు. నీ కోపం నిజమైనదే. కానీ దొరలు రాకముందు ఆ పల్లె ఎలా బతికిందో ఎక్కడా కనపడలేదమ్మా. అది తెలియకపోతే ఏం పోయిందో చదివేవాళ్లకెలా తెలుస్తుంది?

చినువా అచెబె 1964లో రాసిన ‘యారో ఆఫ్ గాడ్’ చదువు. అందరూ 1958 నాటి ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ గురించే చెబుతారు, నా మనసు మాత్రం దీని మీదే.

నైజీరియాలో ఇగ్బో ప్రజల నేల, 1920ల మొదలు. ఉమువారో అనే ఆరూళ్ల కూటమికి ఉలు దేవుడు, ఆయన పూజారి ఎజెయులు. ఆ ఊళ్లకు పంచాంగం ఆ పూజారే. నెలవంక పొడిచినప్పుడల్లా దాచిన దుంపల్లో ఒకటి కాల్చుకు తింటాడు. అవి అయిపోవస్తేనే కొత్త దుంపల పండుగ చాటిస్తాడు. అప్పటిదాకా ఎవరూ చేలో దుంప తవ్వకూడదు. మన పెండలం జాతిదే ఆ దుంప, వాళ్లకు ప్రధాన పంట.

ఇగ్బో ఊళ్లలో చాలావాటికి రాజుల్లేరు, పెద్దలు కూడి తేల్చుకునేవారు. కొద్దిమందితో ఏలాలనుకున్న బ్రిటిష్‌వాళ్లకు అది కుదరలేదు. ఎవరో ఒకరికి వారంటు అనే నియామక పత్రం ఇచ్చి అధిపతిని చేశారు. నవలలో ఎజెయులు ఆ పదవి వద్దన్నాడు. నిర్బంధించారు. నెలవంకలు దాటిపోయాయి, దుంపలు మిగిలిపోయాయి. ఆయన తిరిగొచ్చాక పెద్దలు బతిమాలారు, పాపం మేం మోస్తాం, మిగిలినవి తినేసి పండుగ చాటించమని. ఒప్పుకోలేదు. తనవాళ్లు తన వెంట నిలబడలేదన్న పంతమూ అందులో ఉంది. నేల గట్టిపడింది, పంట మట్టిలోనే కుళ్లింది, ఆకలి మొదలైంది. మా దేవుడికి దుంప సమర్పిస్తే నిర్భయంగా తవ్వుకోవచ్చని చర్చి చెప్పింది. జనం అటు నడిచారు.

ఆయన్ని బంధించినవాళ్లకు ఈ దుంపల లెక్కే తెలియదు! ఆ చర్చివాళ్ల బడికి కొడుకును పంపినదీ ఎజెయులే, తెల్లవాళ్ల దగ్గర తన కన్నుగా ఉంటాడని. అచెబె తనవాళ్లనూ వెనకేసుకు రాలేదు, అందుకే వాళ్ల నష్టం మనల్ని ఇంతగా తాకుతుంది.

ఇక నవల కాదు, చరిత్ర: 1929లో ఆ నేల మీదే ఆడవాళ్లు పన్ను భయంతో, వారంటు అధిపతుల మీద తిరగబడ్డారు. కాల్పుల్లో 50 మందికి పైగా పోయారు. తర్వాత విచారణ సంఘం ముందు ఆ స్త్రీలు చెప్పిన సాక్ష్యాలు అచ్చయ్యాయి. వెతికి చదువు, అంగడి గురించీ ఇంటి గురించీ వాళ్లే చెబుతారు.

మొదటి అధ్యాయం మళ్లీ రాయి, తల్లీ. అందులో తెల్లదొర అడుగు పెట్టకూడదు. ఏ నెలలో ఏం నాటుతారో, ఎవరికెవరు బాకీనో, ఎవరి మాటంటే ఎవరికి గిట్టదో రాసి పంపు.

మీ తాతయ్య