ఏడవొద్దని మీకు ఎవరు చెప్పారమ్మా?

ప్రశ్నలు - జవాబులు

ఆపరేషన్ సిందూర్ రోజుల్లో, 2025 మే 9న, మన గోరంట్ల మండలం కల్లితండాకు చెందిన అగ్నివీర్ మురళీ నాయక్ నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో ప్రాణం ఇచ్చాడు. తల్లిదండ్రులకు ఒక్కడే కొడుకు. ఆ వార్త ఎన్నో ఇళ్లలో పాత గాయాలను మళ్లీ రేపింది. సైన్యంలో తమవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాల నుంచి వచ్చిన ఉత్తరాలకే ఈసారి శీర్షికంతా ఇస్తున్నాను.

ప్రశ్న: మా చిన్నోడు సరిహద్దులో కాల్పుల్లో పోయి ఏడాది కావస్తా ఉంది. పెట్టె మీద జెండా కప్పి తెచ్చినారు, తుపాకులు పేల్చినారు. "నువ్వు వీరమాతవి, ఏడవకూడదు, బిడ్డ ఆత్మ బాధపడతాది" అని ఊరంతా చెప్తా ఉండారు. పగలు అందరితో బాగానే మాట్లాడతా. రాత్రి కొంగు నోట్లో కుక్కుకొని ఏడుస్తా. వాని ట్రంకు పెట్టె ఇంకా తెరవలేదు. నేను తప్పు చేస్తా ఉండానా? ఏడాది దినం ఎట్ల చేయాల?
– ఒక తల్లి, రొళ్ల మండలం

జవాబు: మీ తప్పు ఏమీ లేదమ్మా. కన్నతల్లిని ఏడవొద్దనడమే తప్పు.

మనవైపు చావింట్లో ఆడవాళ్లు శోకాలు తీస్తారు. పుట్టినప్పటి నుంచి జరిగిందంతా వరుసగా చెప్పుకుంటూ ఏడుస్తారు. వాడు వేసిన తొలి అడుగులు, బడి ఎగ్గొట్టి తిన్న దెబ్బలు, అలిగి అన్నం మానేసిన రాత్రి, తీరకుండా పోయిన పెళ్లి ముచ్చట, అన్నీ అందులోకి వస్తాయి. మీ ఇంటి ముందుకు పెట్టె వచ్చిన రోజు కార్లు, పోలీసులు, కెమెరాల మధ్య మీకు ఆ వీలు చిక్కి ఉండదు. మైకు పట్టుకున్నవాళ్లంతా మీ కొడుకు ఎట్లా పోయాడో చెప్పారు. ఎట్లా బతికాడో చెప్పాల్సింది మీరు. ఆ మాట మీ గొంతులోనే ఉండిపోయింది.

అందుకే ఏడాది దినాన్ని రెండు పూటలుగా చేసుకోండి. ఉదయం సమాధి దగ్గర మీ ఆచారం ప్రకారం చేయాల్సింది చేయండి. బడిపిల్లలు, పెద్దలు జెండా పట్టుకుని వస్తామంటే రానివ్వండి. వాడు ఊరికీ బిడ్డే. మధ్యాహ్నం మాత్రం తలుపు దగ్గరగా వేసుకుని, మీ అక్కచెల్లెళ్లు, వదినలు, వాడితో చదువుకున్న పిల్లలతో కూర్చోండి. వాడికి ఇష్టమైనది ఒబ్బట్టయినా, సంగటి కోడికూరయినా వండి పెట్టండి. వాడు చేసిన అల్లరి చెప్పుకోండి. నవ్వొస్తే నవ్వండి, ఏడుపొస్తే గొంతెత్తి ఏడవండి. పెద్దల అమావాస్యకు వాడి పేరున కొత్త బట్టలు పెట్టేటప్పుడు కూడా అంతే.

ట్రంకు పెట్టెకు తొందర లేదు. తెరవాలనిపించినప్పుడు తెరవండి, ఒంటరిగా మాత్రం వద్దు. వాడి యూనిట్‌కు ఒక ఉత్తరం రాయించండి. పక్క మంచం మీద పడుకున్న స్నేహితుడు ఎవరో ఉంటాడు, చివరి రోజుల్లో వాడు ఏం మాట్లాడేవాడో ఆ పిల్లవాడికే తెలుసు.

ఓపిక కూడినప్పుడు ఢిల్లీకి కూడా వెళ్లిరండి. ఇండియా గేటు దగ్గర 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో, త్యాగచక్రం గోడల మీద అమరుల పేర్లను ఒక్కో గ్రానైట్ పలక మీద ఒక్కొక్కటిగా చెక్కారు. మొదట్లోనే ఇరవై అయిదు వేలకు పైగా పేర్లున్నాయి. సాయంత్రం వేళ అమరుల కుటుంబీకుల చేత అక్కడ పుష్పగుచ్ఛం పెట్టిస్తారు. యూనిట్‌ను గానీ, అనంతపురంలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని గానీ అడిగితే దారి చెబుతారు.

ఇంకొక్క మాట. తిండి, నిద్ర పూర్తిగా పోయినా, ఎందుకు బతకాలనే ఆలోచన పదేపదే వచ్చినా దాచుకోకండి. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. డబ్బేమీ కట్టక్కర్లేదు.

ప్రశ్న: మా అన్న డ్యూటీలో ఉండగా సైన్యం లారీ లోయలో పడి చనిపోయాడు. "కాల్పుల్లో పోయుంటే అమరుడయ్యేవాడు" అని ఊళ్లో ఒకాయన అన్నాడు. అప్పటి నుంచి మా నాన్న బయటికి రావడం లేదు.
– ఒక తమ్ముడు, అగళి

జవాబు: తమ్ముడూ, ఆ మాట అన్నాయనకు ఈ రెండు సంగతులు చెప్పు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో మంచుచరియ విరిగిపడి మద్రాస్ రెజిమెంట్ దళంలోని పదిమంది జవాన్లు చనిపోయారు. వాళ్లలో అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లెకు చెందిన ముస్తాక్ అహ్మద్ ఉన్నాడు. 2021 డిసెంబర్ 8న కూనూర్ దగ్గర జనరల్ బిపిన్ రావత్‌తో పాటు హెలికాప్టర్ ప్రమాదంలో పోయినవాళ్లలో అప్పటి చిత్తూరు జిల్లా ఎగువరేగడ కుర్రవాడు లాన్స్ నాయక్ సాయితేజ ఉన్నాడు. ఇద్దరికీ తూటా తగల్లేదు. వాళ్ల త్యాగం తక్కువని ఎవరైనా అనగలరా? కొండ అంచు దారుల్లో బండి నడపడం కూడా కాపలాలో భాగమే.

కాగితాల్లో మాత్రం తేడా ఉంది, అది తెలుసుకోవాలి. పోరులో పోతే బ్యాటిల్ క్యాజువాల్టీ అంటారు, చివరి జీతమంత మొత్తం కుటుంబ పింఛనుగా వస్తుంది. విధి నిర్వహణ వల్ల జరిగిన ప్రమాదంలో పోతే ప్రత్యేక కుటుంబ పింఛను, చివరి జీతంలో 60 శాతం. మీ కాగితంలో ఏది రాశారో చూడండి. పొరపాటు జరిగిందనిపిస్తే రికార్డ్స్ ఆఫీసుకు అప్పీలు రాయండి. అక్కడ తేలకపోతే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది.

ప్రశ్న: కొడుకు పోయాక డబ్బులన్నీ కోడలి పేరున వచ్చినాయి. ఆమెది చిన్న వయసు. చిన్న కొడుక్కిచ్చి చేస్తే డబ్బు ఇంట్లోనే ఉంటుందని పెద్దమనుషులు అంటున్నారు. ఆ అమ్మాయి పుట్టింటికి పోయి కూర్చుంది.
– ఒక తండ్రి, పెనుకొండ

జవాబు: అయ్యా, మీ కడుపుకోత నాకు తెలుసు. అయినా ఇది చెప్పక తప్పదు: డబ్బు కోసం ఆ పిల్లకు పెళ్లి చేయాలనుకోవడం అన్యాయం. ఒకప్పుడు సర్కారు నిబంధనే అట్లా ఉండేది. శౌర్య పతకం మీద వచ్చే నెలవారీ భత్యం, భార్య మళ్లీ పెళ్లి చేసుకుంటే, అది భర్త సోదరుణ్ని అయితేనే కొనసాగేది. 2017లో ఆ షరతును తీసేశారు. సర్కారే వదిలేసిన పద్ధతిని మనం పట్టుకుని వేలాడటం దేనికి?

గల్వాన్‌లో 2020 జూన్ 15న పోరాడి చనిపోయిన సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబు ఇంటిని చూడండి. తెలంగాణ ప్రభుత్వం భార్యకు నాలుగు కోట్లు, తల్లిదండ్రులకు ఒక కోటి విడిగా ఇచ్చింది. 2021 నవంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా మహావీరచక్ర అందుకోవడానికి తల్లీ, భార్యా కలిసి వెళ్లారు.

కుటుంబ పింఛనులో మొదటి హక్కు భార్యది. బీమా సొమ్ము మీ అబ్బాయి నామినేషన్‌లో ఎవరి పేరు రాశాడో వాళ్లకు వస్తుంది. రాష్ట్రం ఇచ్చే సాయంలో తల్లిదండ్రుల వాటా గురించి కలెక్టరుకు అర్జీ పెట్టుకోవచ్చు. అగ్నివీరుల సంగతి వేరు. వాళ్ల కుటుంబాలకు పింఛను లేదు. 48 లక్షల బీమా, విధి నిర్వహణ వల్ల మరణిస్తే 44 లక్షల పరిహారం, మిగిలిన కాలపు జీతం, సేవానిధి పొదుపు సొమ్ము వస్తాయి. దేశం కోసం ఒకే చోట నిలబడి పోరాడినవాళ్ల ఇళ్ల మధ్య ఈ తేడా ఉండకూడదని నా అభిప్రాయం.

మీరు చేయాల్సింది ఒకటే. పెద్దమనుషులను వెంటబెట్టుకోకుండా, మీ ఇంటావిడతో కలిసి ఆ అమ్మాయి పుట్టింటికి వెళ్లండి. ఆ రోజు డబ్బు మాట ఎత్తకండి.

ప్రశ్న: మా ఊరి జవానుకు నాలుగు రోడ్ల కూడలిలో విగ్రహం పెట్టాలని చందాలు వేశాం. అధికారులు ఒప్పుకోవడం లేదు.
– యువకులు, మడకశిర

జవాబు: వాళ్లు కావాలని అడ్డుకోవడం లేదు. రోడ్ల మీద, కాలిబాటల మీద విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలను ఆదేశించింది. సొంత స్థలంలోనో, ఆ కుటుంబం ఇచ్చిన చోటులోనో పెట్టుకునే ఆలోచన చేయండి. ఆయన చదివిన బడికి పేరు పెట్టాలని పంచాయతీలో తీర్మానం చేయించినా మంచిదే.

వీరుల పేరు నిలపడం మనవైపు పాత పద్ధతే. మీకు దగ్గర్లోనే ఒకప్పటి నొళంబ రాజుల రాజధాని హేమావతి ఉంది. మన ప్రాంతంలో పొలం గట్ల మీద, గుడుల పక్కన కనిపించే వీరగల్లులను, అంటే వీరుల స్మారక శిలలను, ఒకసారి నిలబడి చూడండి. కింది వరుసలో పోరాటం, మధ్యలో వీరుణ్ని తీసుకెళ్తున్న అప్సరసలు, పైన కైలాసం. పశువుల మందను కాపాడుతూ పోయిన మామూలు మనుషులకు కూడా ఊళ్లు అట్లాంటి రాళ్లు నిలిపాయి. రాయి నిలిపి ఊరుకోలేదు. వీరుడి ఇంటికి నెత్తరు గొడగె అని పన్ను లేని భూమి ఇచ్చినట్టు శాసనాల్లో ఉంది. ఇంటివాళ్లు బతకడానికి ఆధారం చూపించాకే వీరుణ్ని గౌరవించినట్టు లెక్క.

మీరూ అదే వరుస పాటించండి. ముందు ఆ అమ్మానాన్నల దగ్గరికి వెళ్లి, తమ బిడ్డ పేరున ఏం చేస్తే వాళ్లకు బాగుంటుందో అడగండి. అట్లాగే మీ మండలంలో ఏ జవాను ఇంటి పింఛను కాగితం ఆగిందో కనుక్కుని, మీలో చదువుకున్నవాళ్లు ఇద్దరు ఆ ఇంటి మనిషిని అనంతపురం సైనిక సంక్షేమ కార్యాలయానికి తీసుకెళ్లి పని పూర్తి చేయించుకుని రండి.