డ్రోన్ పక్క చేలో పడిపోయింది: బ్యాటరీ ఎందుకు మోసం చేసింది, మళ్లీ ఎలా దొరికింది



ప్రతి నెలా మన చేనును పైనుంచి తీసి చూపిస్తున్నాను కదా. డిసెంబర్ వీడియో ఎందుకు ఆలస్యమైందని చాలామంది అడిగారు. ఆ వీడియో తీసే డ్రోన్ ఒక పగలు, ఒక రాత్రి పక్క చేలో కంది సాళ్ల మధ్య పడి ఉంది. డ్రోన్ పోతే పోనీ అనుకోవచ్చు. కానీ దాంట్లో ఉన్న మెమొరీ కార్డులో ఎనిమిది నెలల రికార్డు ఉంది. ఆచ్ఛాదన ఎక్కడ పలచబడింది, వానకు ఏ మడిలో నీళ్లు నిలిచాయి, ఏ గట్టు తెగింది, అన్నీ అందులోనే ఉన్నాయి. ఇంకో చోట కాపీ పెట్టలేదు. అది నా మొదటి తప్పు. మిగతా తప్పులు కూడా దాచకుండా చెప్తాను, మీకు పనికొస్తాయి.

వీడియోలో దొరికిన చోటు, ఉబ్బిన బ్యాటరీ చూపించాను. చూసే తీరిక లేనివాళ్లు ఇది చదివితే చాలు.

అసలేం జరిగింది

మాది సంగారెడ్డి దాటాక సదాశివపేట వైపు లోపలికి ఉన్న చేను. మాకు పడమర పక్క ఒక పెద్దాయన చేను, పత్తిలో కంది వేశాడు. ఆ చేను దాటితే ఒక కంపెనీ ప్రహరీ గోడ, గోడ వెంబడి వేపచెట్లు. పటాన్‌చెరు నుంచి ఇటు వచ్చే ముంబై హైవే పొడుగునా ఇంతే కదా, ఒక చేను, ఒక కంపెనీ, మళ్లీ ఒక చేను.

డ్రోన్ మా తమ్ముడి కొడుకుది. ఇంజనీరింగ్ చదువుతూ సరదాగా తనే బిగించుకున్నాడు. మూడు సెల్లుల లైపో బ్యాటరీ. కొన్నప్పుడు బాగానే పనిచేసింది. నేను దాన్ని నిండా చార్జింగ్ చేసి, మూడు వారాలు రేకుల షెడ్డులో ఒక మూల పెట్టేశాను. ఆ పొద్దున తీసినప్పుడు పక్కలు కాస్త ఉబ్బినట్టు అనిపించింది. "ఏం కాదులే" అనుకున్నాను.

పొద్దున ఏడు గంటలు, బాగా చలి. తూర్పు నుంచి గాలి. నేను గాలివాటున పడమరకు పంపాను, హాయిగా పోయింది. దాదాపు 300 మీటర్ల దూరం, 40 మీటర్ల ఎత్తు. స్క్రీన్ మీద 48 శాతం. తిప్పాను. ఇప్పుడు గాలికి ఎదురు. అంతలో వోల్టేజ్ తక్కువ అని హెచ్చరిక మోగింది. నాకు గాబరా. తొందరగా ఇంటికి తెచ్చేద్దామని స్టిక్ పూర్తిగా ముందుకు నెట్టాను. రెండు క్షణాల్లో వీడియో ఆగిపోయింది. దూరంగా వేపచెట్ల దగ్గర నల్లటి చుక్క కిందికి రాలినట్టు కనిపించింది.

48 శాతం ఉన్న బ్యాటరీ ఎలా పడిపోయింది?

దీన్ని ఎద్దుతో పోల్చి చెప్తాను. ముసలి ఎద్దు కొట్టంలో నిలబడి ఉన్నప్పుడు బాగానే కనిపిస్తుంది. బండి కట్టి ఎత్తు ఎక్కిస్తే అప్పుడు తెలుస్తుంది దాని బలం. బ్యాటరీ కూడా అంతే. శాతం అనేది యంత్రం వేసే అంచనా. బరువు పడ్డప్పుడు వోల్టేజ్ ఎంత నిలబడుతుందనేదే అసలు బలం.

లెక్క చూడండి. లైపో సెల్ ఒకటి నిండితే 4.2 వోల్టులు. మూడు సెల్లులకు 12.6. సగం వాడాక, ఖాళీగా ఉన్నప్పుడు సెల్‌కు 3.8 దగ్గర, మొత్తం 11.4 చూపిస్తుంది. ప్రతి బ్యాటరీకి లోపల కొంత నిరోధం ఉంటుంది. కరెంటు లాగినప్పుడు అక్కడే కొంత వోల్టేజ్ పోతుంది.

కొత్త బ్యాటరీకి మొత్తం 30 మిల్లీ ఓంలు ఉందనుకోండి. 15 ఆంపియర్లు లాగితే పోయేది 0.45 వోల్టు. పెద్ద తేడా కాదు. అదే బ్యాటరీ పాతబడి నిరోధం 75 అయితే, అదే 15 ఆంపియర్లకు 1.1 వోల్టు పోతుంది. నేను స్టిక్ పూర్తిగా నెట్టినప్పుడు 30 ఆంపియర్లు లాగిందనుకుంటే 2.25 వోల్టులు పోతాయి. 11.4 లోంచి తీసేస్తే మిగిలేది 9.15, అంటే సెల్‌కు 3.05. బలహీనమైన సెల్ ఒక్కటి ఉంటే అది ఇంకా కిందికి పోతుంది. అంతే, బోర్డుకు పవర్ చాలక ఆగిపోతుంది.

ఈ నిరోధం పెరగడానికి నా దగ్గర రెండు కారణాలు. ఒకటి, నిండా చార్జింగ్‌తో వారాల తరబడి పెట్టడం. లైపోకు ఇది పడదు, లోపల గ్యాస్ పుట్టి ఉబ్బుతుంది. రెండు, చలి. మన జిల్లాలో కోహీర్, న్యాల్కల్ వైపు చలికాలం పొద్దున 10 డిగ్రీల కిందికి పోవడం మీకు తెలిసిందే. చల్లబడ్డ బ్యాటరీ కరెంటు ఇవ్వడానికి మొరాయిస్తుంది. రాత్రంతా రేకుల కింద ఉన్న బ్యాటరీని నేను నేరుగా ఎగరేశాను.

ఇక్కడ ముఖ్యమైన మాట: వోల్టేజ్ హెచ్చరిక వచ్చినప్పుడు ఇంటికి తేవాలని ఉరికించొద్దు. వేగం తగ్గించి, దగ్గర్లో ఖాళీ చోటు చూసి మెల్లగా దించండి. అలసిన ఎద్దును కొడితే కూలబడుతుంది, నిలబెడితే ఊపిరి తీసుకుంటుంది. నేను ఆ రోజు అక్కడే మెల్లగా దించి ఉంటే, ఐదు నిమిషాలు నడిచి తెచ్చుకునేవాణ్ని.

వెతకడంలో చేసిన తప్పు

నా కంటికి వేపచెట్ల దగ్గర పడ్డట్టు కనిపించింది. కాబట్టి గోడ పక్కనంతా వెతికాను. దొరకలేదు. గోడ అవతల పడిందేమో అనే అనుమానం మొదలైంది.

నిజం చెప్తున్నాను, చెప్పకుండా ఊరుకుందామనే మొదట అనిపించింది. కేసు అవుతుందేమో, అరుస్తారేమో అని భయం. కానీ లోపల సాల్వెంట్ డ్రమ్ములు ఉంటాయని ఊళ్లో అందరికీ తెలుసు. దెబ్బ తిన్న లిథియం బ్యాటరీ వెంటనే కాకపోయినా కొన్ని గంటల తర్వాత కూడా అంటుకోవచ్చు. నా డ్రోన్ కోసం కాదు, అక్కడ షిఫ్టులో ఉన్నవాళ్ల కోసం చెప్పాలి. గేటు దగ్గరికి పోయి సెక్యూరిటీ అన్నకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "ఇట్లాంటిది కనబడితే ముట్టుకోకండి అన్నా, పొగ వస్తే దూరం ఉండండి" అని నంబర్ ఇచ్చాను. లోపల సూపర్‌వైజర్ మనిషిని పంపి గోడ వెంబడి చూపించాడు. లేదన్నారు. ఎవరూ అరవలేదు.

మీకు కూడా ఇదే చెప్తున్నా. మన బెల్టులో డ్రోన్ కంపెనీలో పడితే గోడ దూకొద్దు. చెప్పకుండా కూడా ఉండొద్దు.

సాయంత్రం పక్క చేను పెద్దాయన వచ్చాడు. "ఏందిరా, పొద్దటి సంది నా కందిల తిరుగుతున్నవ్? కాయ మీదున్నది చేను, రాలిపోతది" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? అడగకుండా దిగింది నేను. "తప్పయింది కాకా, రేపు నిన్ను అడిగే దిగుతా" అన్నాను.

మర్నాడు ఎలా దొరికింది

మర్నాడు పొద్దున మా తమ్ముడి కొడుకు వచ్చాడు. వస్తూనే అడిగింది, "పెద్దనాన్నా, ఫోన్‌లో లాగ్ చూసినవా?" అని. చూడలేదు. కళ్లను నమ్మాను.

చాలా డ్రోన్ యాప్‌లు చివరిగా అందిన జీపీఎస్ అంకెలు, ఎత్తు, వేగం, దిశ దాచిపెడతాయి. ఆ అంకెలను ఫోన్ మ్యాప్‌లో వేస్తే చోటు కనిపిస్తుంది. దశాంశం తర్వాత ఐదు అంకెలు తప్పకుండా వేయండి. ఐదో అంకె అంటే నేల మీద సుమారు ఒక మీటరు. నాలుగుతో ఆపితే సుమారు 11 మీటర్లు. జీపీఎస్‌కే కొన్ని మీటర్ల తేడా ఉంటుంది, దానికి మన తప్పు కలపొద్దు.

చివరి చోటు వేపచెట్లకు బాగా ఇవతల, కంది చేలోనే ఉంది. మరి నాకు చెట్ల దగ్గర ఎందుకు కనిపించింది? ఒకే చోట నిలబడి చూస్తే కన్ను దిశను చెప్తుంది కానీ దూరాన్ని చెప్పలేదు. డ్రోన్ వెనకాల చెట్లు ఉన్నాయి కాబట్టి చెట్లలో పడ్డట్టు అనిపించింది. ఇద్దరు రెండు గట్ల మీద నిలబడి చూసి ఉంటే, ఇద్దరి చూపు కలిసే చోటే పడిన చోటు.

తర్వాత వాడు ఇంకో లెక్క వేశాడు. 40 మీటర్ల ఎత్తు నుంచి కింద పడడానికి సుమారు 3 సెకన్లు. పవర్ పోయినప్పుడు వేగం సెకనుకు 6 మీటర్లు, మా వైపు. కాబట్టి ఎక్కువలో ఎక్కువ 18 మీటర్లు ముందుకు వస్తుంది. ఎదురుగాలికి ఇంకా తక్కువే. అంటే చివరి చోటు నుంచి మా వైపు 20 మీటర్ల లోపు వెతికితే చాలు. నేను ముందు రోజంతా వెతికింది దానికి అవతల పక్క.

పెద్దాయనను అడిగాం. ఆయనే ముందు నడిచాడు. చివరి చోట ఒక వెదురు కర్ర పాతాం. నలుగురం పక్కపక్కన సాళ్లలో నిలబడి, ఒక్కొక్కరం రెండు సాళ్లు చూసుకుంటూ, మొక్క వంచకుండా నడిచాం. కింద మాత్రమే కాదు, కొమ్మల మధ్య కూడా చూడాలి. నలభై నిమిషాల్లో దొరికింది. కంది కొమ్మల్లో తలకిందులుగా ఇరుక్కుని ఉంది. రెండు ఫ్యాన్లు విరిగాయి. కార్డు మాత్రం బాగుంది.

దొరికిన వెంటనే చేతితో లాగొద్దు

బ్యాటరీ పూరీలా ఉబ్బి ఉంది. అప్పుడు పాటించినవి ఇవి:

1. ముందు దూరం నుంచి చూడాలి. పొగ, చిటపట శబ్దం, తియ్యటి ఘాటు వాసన ఉంటే దగ్గరికి పోవద్దు. గాలి వచ్చే వైపు నిలబడాలి.
2. చుట్టూ ఉన్న ఎండుటాకు, గడ్డి పక్కకు తీయాలి. మన ప్రకృతి సేద్యం చేలలో ఆచ్ఛాదన మందంగా ఉంటుంది, నిప్పురవ్వ చాలు. రెండు బిందెల నీళ్లు దగ్గర పెట్టుకోవాలి. అంటుకుంటే దూరం నుంచి ధారాళంగా నీళ్లు పోయాలి, పొగ పీల్చొద్దు.
3. చల్లగా ఉంటేనే, చేతికి మందపాటి గ్లౌజులతో వైరు విప్పాలి. గుచ్చొద్దు, నొక్కొద్దు.
4. ఇసుక పోసిన ఇనుప బకెట్‌లో పెట్టి ఇంటికి, పశువుల కొట్టానికి, గడ్డివాముకు దూరంగా ఆరుబయట ఉంచాలి.
5. "ఒక్కసారి చార్జింగ్ పెట్టి చూద్దాం" అనొద్దు. ఉబ్బిన బ్యాటరీ పని అయిపోయినట్టే.

దాన్ని బావిలో, వాగులో, గుంతలో పారేయొద్దు. లోపలి రసాయనం నీటితో కలిస్తే విషవాయువు పుడుతుంది. నక్కవాగు ఏమైందో చూసిన ప్రాంతం మనది, ఇంకొకరు చెప్పక్కర్లేదు. 2022లో వచ్చిన బ్యాటరీ వేస్ట్ మేనేజ్‌మెంట్ నియమాల ప్రకారం పాత బ్యాటరీలను వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులది. మనం చేయాల్సింది చెత్తలో కలపకుండా విడిగా అప్పగించడం.

ఇప్పుడు నేను పాటిస్తున్న పద్ధతి

- రెండు మూడు రోజుల్లో ఎగరేయకపోతే సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచి నీడలో పెడతాను.
- చిన్న సెల్ చెకర్‌తో ప్రతి సెల్‌ను విడిగా చూస్తాను. మొత్తం 11.4 ఉన్నా లోపల 3.9, 3.9, 3.6 ఉండొచ్చు. ఆ 3.6 సెల్లే మనల్ని ముంచుతుంది.
- చలికాలం బ్యాటరీని ఇంట్లో ఉంచి, ఎగరేసే ముందే బయటికి తీస్తాను. మొదటి నిమిషం మనిషి ఎత్తులో నిలిపి వోల్టేజ్ చూస్తాను. గబగబా పడిపోతుంటే దించేస్తాను.
- ముందు గాలికి ఎదురుగా పోతాను, వచ్చేటప్పుడు గాలి తోస్తుంది.
- బ్యాటరీని మూడు వాటాలు చేస్తాను: పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, ఆపదకు ఒకటి.
- డ్రోన్‌కు సొంత చిన్న బ్యాటరీ ఉన్న బజర్ తగిలించాం, పైన ఫోన్ నంబర్ అంటించాం.
- కార్డులోది ఆ రాత్రే కాపీ చేస్తాను.

ఇంకొకటి. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాములు దాటి 2 కిలోల వరకు ఉన్నది మైక్రో డ్రోన్. వ్యాపారానికి కాకుండా ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు కానీ రిజిస్ట్రేషన్ చేయించి నంబర్ తీసుకోవాలి, కంటికి కనిపించే దూరంలోనే ఎగరేయాలి. 300 మీటర్లకు పంపి చుక్కను చూస్తూ నిలబడ్డ నేను అక్కడ కూడా తప్పే చేశాను. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ, ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ, భానూరు బీడీఎల్ మన చుట్టుపక్కలే ఉన్నాయి. డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ చేను ఏ జోన్‌లో ఉందో చూడకుండా ఎగరేయొద్దు.

చివరి మాట

పెద్దాయనకు రాలిన కాయకు డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. "నా చేను గూడ మీద నుంచి కనబడ్డదా?" అని అడిగాడు. కార్డు తీసి ఫోన్‌లో చూపించాను. చేను నడుమ రెండు చోట్ల గుండ్రంగా ఎండిన మచ్చలు. పోయి మొక్క పీకి, కాండం చీల్చి చూస్తే లోపల నల్లటి చారలు. ఎండు తెగులు. గట్టు మీద నుంచి ఆయనకు ఇన్నాళ్లూ అది కనిపించలేదు. ఆ చోట వచ్చే ఏడు కంది మానేసి జొన్న వేస్తానన్నాడు. మిగతా చేనుకు పటాన్‌చెరు ఇక్రిశాట్ నుంచి వచ్చిన, ఎండు తెగులును తట్టుకునే ఆశ రకం గురించి చెప్పాను.

కొత్త బ్యాటరీ వచ్చాక మొదట ఆయన చేనే తీశాం. ఈసారి ఆయన్ని అడిగి, గాలికి ఎదురుగా పంపి, సెల్‌కు 3.7 రాగానే దించేశాను.

మీ దగ్గర పాత లైపో ఉంటే ఈ రోజే తీసి చూడండి. ఉబ్బి ఉంటే పక్కన పెట్టండి.