మొదటి ఎకరము - కొత్తగా సేద్యమునకు దిగు సోదరీమణులకు ఒక పాఠము

నెల్లూరు తీర గ్రామములలో నాట్లు వేయువారు స్త్రీలు, కలుపు తీయువారు స్త్రీలు. అయినను ఏ విత్తనము కొనవలెను, ఏ మడికి ఎప్పుడు నీరు పెట్టవలెను అను నిర్ణయము చాల ఇండ్లలో మగవారిదే. భర్త గతించినప్పుడో, పనికై దూరము వెళ్లినప్పుడో ఆ భారము ఒక్కసారిగా ఇల్లాలిపై పడును. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు వైపు అట్లు మొదటిసారి వరి సాగుకు పూనుకొనువారు మొదటి ఏడు ఒక ఎకరముతో ఆరంభించి, ఈ నాలుగు సంగతులు గమనించవలెను.

1. పేరు: విత్తనము కంటె ముందు కాగితము చూచుకొనుడు. పాసుపుస్తకములోను, పంట నమోదులోను ఎవరి పేరున్నది? బ్యాంకు అప్పైనను, తుపానులో పంట మునిగిన పరిహారమైనను ఆ పేరు చూచియే వచ్చును. వీలునామా లేనిచో భర్త సొంత భూమిలో భార్యకు బిడ్డలతోను, అత్తగారితోను సమాన వాటా 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ఇచ్చినది. 2005 సవరణతో కుమార్తెకును పిత్రార్జితములో కుమారునితో సమాన హక్కు వచ్చినది. కౌలు పొలమైనచో ఒప్పందము వ్రాతలో నుండవలెను.

2. ఉప్పు: వేసవిలో నేల ఎండుకొలది అడుగు ఉప్పు తడితోపాటు పైకి వచ్చి తెల్లగా పేరును. ఇది పాలచౌడు. కారుచౌడుకు జిప్సము వేయుదురు. పాలచౌడుకు కావలసినది మంచినీరు, మురుగు దారి. ఏది ఏదో పరీక్ష చెప్పును. గట్లు, చెట్ల నీడ, పెంటకుప్ప తావులు వదలి 8, 10 చోట్ల 15 సెంటీమీటర్ల లోతు మట్టి తీసి, కలిపి, అరకిలో పంపుడు. అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురియు ఈశాన్యపు వానలను మడిలో నిలిపి, మురుగు కాలువలోనికి వదలి, మరల నింపినచో ఉప్పు కొంత కడిగిపోవును.

3. విత్తనము, నారు: 1937లో స్థాపింపబడిన నెల్లూరు వ్యవసాయ పరిశోధనా స్థానము ఈ ప్రాంతమునకు అనేక వరి రకములను అందించినది. అగ్గితెగులును తట్టుకొను నెల్లూరు మసూరి (ఎన్.ఎల్.ఆర్. 34449) వానిలో నొకటి. ఎకరము నాటుటకు 5 సెంట్ల నారుమడి చాలును. దానిని ఉప్పులేని చోటనే పోయవలెను. చౌడు తగిలిన మడిలో లేతనారు మాడిపోవును. కొంచెము ముదురు నారును కుదురుకు రెండు మొక్కలు ఎక్కువగా నాటుడు. మడి ఎండనీయరాదు.

4. లెక్క: 1992లో ఈ జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై పోరాడి గెలిచిరి. అటుపిమ్మట జిల్లా స్త్రీలు రోజుకొక రూపాయి చొప్పున పొదుపు చేసిరి. ఆ పొదుపు పుస్తకము వ్రాసిన చేయి పొలము లెక్కయు వ్రాయగలదు. విత్తనము, ఎరువు, దుక్కి, కూలి ఖర్చులు ఏనాటివానాడు వ్రాయుడు. మీరు స్వయముగా చేసిన పనికి సైతము ఊరి కూలిరేటు కట్టి వ్రాయుడు. చాల ఇండ్లలో ఈ పద్దు వ్రాయరు. అందువలన నష్టము లాభమువలె కనబడును.

కోత అయిన పిమ్మట పుస్తకము తెరచి చూచుడు. రెండవ ఎకరము చేయవచ్చునో లేదో ఆ లెక్కయే చెప్పును.