పూలద్ది ఇద్దాం, పేరు రాసి ఇద్దాం

చెల్లెమ్మలూ, ఇవాళ కత్తెర, కాగితాలు, జిగురు ముందేసుకుని కూర్చుందాం. థాంక్స్ చెప్పే పూల కార్డు ఒకటి మన చేత్తో చేద్దాం.

"కొనుక్కుంటే పోలేదా అక్కా?" అంటారేమో. కొనొచ్చు, కాదనను. కానీ ఒక్క మాట చెప్పండి. అమ్మ ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ మీ పిల్లలకు వేళకు అన్నం పెట్టిన పక్కింటి పిన్నిగారికి ఏం చెప్పారు? రాత్రంతా మేలుకుని నాన్నను పక్కకు తిప్పి పడుకోబెట్టిన నర్సమ్మకు? వానలో గొడుగు పట్టి పాపను గడప దాకా దింపిన ఆటో అన్నకు? ఫోన్లో "చాలా థాంక్సండీ" అనేసి ఉంటాం. లేకపోతే వాట్సాప్‌లో రెండు చేతులు జోడించిన బొమ్మ పంపి ఉంటాం. వాళ్లు చేసినదానికి అది చాలదమ్మా. వాళ్లను తలచుకుంటూ కూర్చుని చేసిన వస్తువొకటి వాళ్లింటికి చేరాలని నా కోరిక.

ముందు కాగితం సంగతి. స్టేషనరీ షాపులో 250 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు అన్ని గ్రాములు) తూగే ఏ4 కార్డు పేపరు అడగండి. జిరాక్స్ కాగితం 70, 80 జీఎస్ఎం ఉంటుంది కాబట్టి కార్డుగా నిలబడదు. ఏ4ను అడ్డంగా సగానికి కోస్తే రెండు కార్డులొస్తాయి. కాగితంలో పీచు ఒక దిక్కుగా పరుచుకుని ఉంటుంది. మెల్లగా అటూ ఇటూ వంచి చూస్తే ఎటు సులువుగా వంగుతుందో తెలిసిపోతుంది. వీలైతే మడత అటే రానివ్వండి. అయిపోయిన బాల్‌పెన్ రీఫిల్‌తో, స్కేలు పెట్టి, గట్టిగా ఒక గీత లాగి అప్పుడు మడవండి. అలా చేస్తే అంచు పగలదు, పీచు లేవదు.

కార్డు మీద అంటించే పొరలకు వేరే కాగితం కొనక్కర్లేదు. బీరువా మీద దాచిన పాత శుభలేఖలు తీయండి. ఆ మందం, ఆ బంగారు రంగు అంచులు, ఆ మెరుపు కాగితం ఎంత బాగుంటాయో! వినాయకుడి బొమ్మ ఉన్న చోట మాత్రం నేను కత్తెర పెట్టను. మిగతాదంతా మనదే. మడిచిన కార్డు ముందు వైపు 105 మిల్లీమీటర్ల వెడల్పు, 148 ఎత్తు వస్తుంది కదా, దాని మీద అంటించే రంగు పొరను 99కి 142 కోయండి. దాని మీద పూలద్దే తెల్ల పొర 93కి 136 ఉండాలి. బతుకమ్మను పేర్చేటప్పుడు ఒక్కో వరసా లోపలికి జరిపినట్టే, ఇక్కడా నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు లోపలికి జరగాలి. ఆ సన్నటి అంచు కనిపిస్తేనే పొరకు అందం. అంటించడానికి తెల్ల జిగురు ఎక్కువైతే కాగితం ముడతలు పడుతుంది. డబుల్ సైడ్ టేపు మేలు.

ఇక అసలు పని అద్దకం. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ అద్దేవాళ్ల పని చూడాలి మీరు. టేకు చెక్కతో చేసిన అచ్చులవి. ఒకే పువ్వుకు గీతల అచ్చు వేరు, లోపల రంగు నింపే అచ్చు వేరు, రంగు మారితే అచ్చూ మారుతుంది. బల్ల మీద మెత్తగా బట్ట మడతలు పరిచి ఉంటాయి. కింద కాస్త మెత్తన ఉంటేనే అచ్చులోని ప్రతి గీతా సమానంగా పడుతుంది. మనమూ అంతే, తెల్ల పొర కింద నాలుగు న్యూస్‌పేపర్లు మడిచి పెట్టుకోవాలి. పూల స్టాంపును తీసుకెళ్లి ఇంకు ప్యాడ్‌లో నొక్కకండి. ప్యాడ్‌నే స్టాంపు మీద తేలిగ్గా తట్టండి. నిటారుగా పెట్టి, కదపకుండా నొక్కి, నిటారుగా ఎత్తండి. పారదర్శకంగా ఉండే పాలిమర్ స్టాంపులు కొత్తలో ఇంకు పట్టవు. పెన్సిల్ రబ్బరుతో ఒకసారి తేలిగ్గా రుద్దితే దారికొస్తాయి.

ఇంకుల్లో డై ఇంకు కాగితంలోకి ఇంకిపోయి త్వరగా ఆరుతుంది. పిగ్మెంట్ ఇంకు పైనే నిలిచి ఆలస్యంగా ఆరుతుంది. ముదురు కాగితం మీద తెల్ల నందివర్ధనం అద్దాలంటే పిగ్మెంట్ తెలుపే కావాలి, ఇంకోటి పనికిరాదు.

స్టాంపులు లేవని ఆగిపోకండి. బెండకాయ ఉంది కదా! తొడిమ వైపు నుంచి ఒక్క కోతలో అడ్డంగా కోస్తే అయిదు రేకల పువ్వే. కోసిన చోట జిగురు ఆరేదాకా కాసేపు వదిలేసి, పోస్టర్ రంగును స్పాంజి ముక్కతో పూసి అద్దండి. ఆకులకు కరివేపాకు చాలు, ఈనెలు తేలిన వెనక వైపు రంగు పూయాలి.

ఒక కిటుకు చెబుతాను, ఇది నాకెంతో ఇష్టం. ఒకసారి ఇంకు పూసిన స్టాంపును ఒకటి అద్దాక, మళ్లీ పూయకుండానే పక్కన ఇంకోటి అద్దండి. రెండోది లేతగా పడుతుంది. ముదురు పువ్వు ముందున్నట్టు, లేతది వెనకున్నట్టు కనిపిస్తుంది. ఆకు పువ్వు వెనక నుంచి రావాలంటే, అదే పువ్వును అంటించే చీటీ మీద అద్ది, కత్తిరించి, కార్డు మీది పువ్వుపై కప్పి, అప్పుడు ఆకు అద్దాలి. చీటీ తీసేస్తే ఆకు సరిగ్గా రేకల చాటుకు వెళ్లి ఉంటుంది.

పైకి లేచిన పువ్వు ఒక్కటి చాలు. వేరే కాగితం మీద అదే పువ్వు రెండు సైజుల్లో అద్ది, కత్తిరించి, రేకలను చెంచా కాడ మీద వంచి, మధ్యలో మాత్రమే ఫోమ్ టేపు పెట్టి ఒకదానిపై ఒకటి అంటించండి. నడుమ ఒక చిన్న ముత్యం. ఇంకా చమ్కీలూ రిబ్బన్లూ అనకండి. రెండు రంగులు, ఒక ఆకుపచ్చ దాటితే కన్ను ఎక్కడ నిలవాలో తెలియదు.

లోపల రాసే మాట దగ్గర మాత్రం నేను పట్టు వదలను. అచ్చుమాట వద్దు, మీ చేతిరాతే కావాలి. అక్షరాలు వంకరైనా పరవాలేదు. "మీ సహాయానికి ధన్యవాదాలు" అని ఊరుకోకండి. "అమ్మకు ఆపరేషనైన రోజు మీరు పంపిన చారన్నం మా బాబు రెండోసారి అడిగి తిన్నాడు పిన్నిగారూ" అని రాయండి. ఏ పని చేశారో రాయండి, అది మీకు ఎలా ఆసరా అయిందో రాయండి. పైన వాళ్ల పేరు తప్పకుండా ఉండాలి. మన ఇళ్లలో పని చేసిపెట్టేవాళ్లలో ఎంతమందికి తమ పేరు రాసి ఉన్న కార్డు వచ్చి ఉంటుందో ఆలోచించండి.

దూరం వాళ్లకైతే పోస్టులో పంపండి. 300 జీఎస్ఎం ఏ4 పూర్తి కాగితం దాదాపు 19 గ్రాములు, మన కార్డు అందులో సగం. పొరలూ కవరూ కలిస్తే 20 గ్రాములు దాటొచ్చు, అప్పుడు తపాలా బిళ్లల ఖర్చు పెరుగుతుంది. పోస్టాఫీసులో తూకం వేయించి అంటించండి. లేచిన పువ్వు నలగకుండా ముందు ఒక అట్టముక్క పెట్టండి.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఒక్క కార్డు చేయండి చెల్లెమ్మలూ. ఎవరికి ఇచ్చారో, లోపల ఏం రాశారో నాకు ఉత్తరం రాసి చెప్పండి. ఎదురుచూస్తూ ఉంటాను.