ఉగాండా ప్రయాణం – పది రోజుల లెక్క



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు అడిగారు. కథలు, కవితలు రాయడం నాకు చేతకాదు. నేను ఈ హాస్టల్లో ఆరేళ్లు ఉండి చదువుకున్నాను. తరువాత మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా చేసి, 2014 నుంచి నాలుగేళ్లు ఆఫ్రికా ఖండంలోని ఉగాండా దేశంలో, కంపాలా నగరంలో ఒక ల్యాబ్‌లో పనిచేశాను. కనుక ఉష్ణమండల దేశానికి వెళ్లేవారు ఆరోగ్యం విషయంలోనూ, కాగితాల విషయంలోనూ ఎలా సిద్ధం కావాలో నాకు తెలిసినంతవరకు రాస్తాను. మీలో కొందరు రేపు నర్సులుగానో, బోరుబండి మెకానిక్కులుగానో, ఇంజనీర్లుగానో అటువైపు వెళ్లవచ్చు.

కర్కటరేఖకు, మకరరేఖకు మధ్య ఉన్న ప్రాంతమే ఉష్ణమండలం అని సాంఘికశాస్త్రంలో చదువుకున్నారు కదా. ఆ లెక్కన మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా పూర్తిగా ఉష్ణమండలంలోనే ఉన్నాయి. అందువల్ల "మనకు ఎండ కొత్తా, దోమ కొత్తా" అని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఉగాండా మీదుగా భూమధ్యరేఖ పోతుంది. అయినా కంపాలా సముద్రమట్టానికి దాదాపు 1200 మీటర్ల ఎత్తున ఉండడంవల్ల అక్కడ మా అనంతపురం ఎండ ఉండదు. సాయంత్రమైతే చల్లగా, హాయిగా ఉంటుంది. ఆ హాయిని చూసి దోమలు లేవనుకోవడమే మొదటి పొరపాటు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఉగాండాలో అడుగుపెట్టాలంటే ఏడాది నిండిన ప్రతి ఒక్కరి దగ్గరా ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్లు ధ్రువపత్రం ఉండాలి. పసుపు రంగు చిన్న పుస్తకంలా ఉంటుంది కాబట్టి అందరూ దాన్ని ఎల్లో కార్డు అంటారు. మన పచ్చకామెర్లు వేరు, ఈ జబ్బు వేరు. ఇది వైరస్ వల్ల వస్తుంది, దోమకాటు ద్వారా సోకుతుంది. మొదట జ్వరం, ఒళ్లునొప్పులు, వాంతులు ఉంటాయి. చాలామంది మూడు నాలుగు రోజుల్లో కోలుకుంటారు. కొద్దిమందికి మాత్రం జ్వరం తగ్గినట్లే తగ్గి మళ్లీ తిరగబెడుతుంది. అప్పుడు కాలేయం దెబ్బతిని కళ్లు పచ్చబడతాయి, నోటి నుంచి, ముక్కు నుంచి రక్తం పడుతుంది. ఆ దశకు చేరినవారిలో సగం మంది వారం పది రోజుల్లో చనిపోతారు. దీనికి ప్రత్యేకమైన మందు లేదు. ఉన్నది టీకా ఒక్కటే.

ఆ టీకా పుట్టిన కథ చెప్పుకోదగినది. 1927లో పశ్చిమ ఆఫ్రికాలో (ఇప్పటి ఘనా దేశంలో) అసిబి అనే మనిషికి ఈ జ్వరం వచ్చింది. అతను బతికాడు. అతని రక్తం నుంచి తీసిన వైరస్‌ను మాక్స్ థైలర్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివారు ప్రయోగశాలలో ఎలుక పిండాల కణాల్లో, తరువాత కోడి పిండాల కణాల్లో మళ్లీ మళ్లీ పెంచి, దాని బలం పోయేటట్లు చేశారు. 1937 నాటికి 17డి అనే టీకా తయారైంది. 1951లో థైలర్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఈనాటికీ ప్రపంచమంతటా వేసే ఎల్లో ఫీవర్ టీకా ఆ ఒక్క మనిషి రక్తం నుంచి వచ్చినదే. అసిబి పేరు మన పాఠ్యపుస్తకాల్లో కూడా ఉంటే బాగుండునని నాకు అనిపిస్తుంది.

టీకా వేయించుకున్న రోజునే కార్డు చేతికి ఇస్తారు. కానీ అది చెల్లేది పది రోజుల తరువాత. నేను దెబ్బతిన్నది ఇక్కడే. నాకు ఉద్యోగం చూపించిన ఏజెంటు "టీకాదేముంది, వెళ్లే ముందు వేయించుకో" అన్నాడు. మార్చి 12న విమానం. 5వ తేదీన టీకా వేయించుకున్నాను. కార్డు ఇస్తూ అక్కడి సిస్టర్ గారు టికెట్ ఎప్పటికి ఉందని అడిగి, తలపట్టుకున్నారు. 5కు పది కలిపితే 15. పన్నెండో తేదీన ఆ కార్డుకు విలువ లేదు. ఏజెంటుకు ఫోన్ చేస్తే ఏమాత్రం కంగారుపడలేదు. "ఇంకో కార్డు తెప్పిస్తాను, ఫిబ్రవరి తేదీ వేసి ఉంటుంది, వెయ్యి రూపాయలు ఇవ్వు" అన్నాడు. టీకా వేయించుకోకుండానే కార్డు కొనుక్కుని వెళ్లినవాళ్లు ఎంతమంది ఉన్నారో కూడా లెక్క చెప్పాడు.

నిజం చెప్తున్నాను, నేను సరే అనబోయాను. టికెట్ డబ్బు అప్పు తెచ్చినది. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి అమ్మకు చెప్పాను. అమ్మ చదువుకోలేదు. ఆ కార్డు ఎందుకు అడుగుతారని అడిగింది. అక్కడి దోమల జబ్బు మనకు రాకుండా, మన ద్వారా ఇక్కడికి రాకుండా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత "చికున్‌గున్యా మాదిరా?" అంది.

2006లో మా ఊళ్లో చికున్‌గున్యా రాని ఇల్లు లేదు. అమ్మకు చేతి వేళ్లు ముడుచుకోలేదు. చెనక్కాయ చెట్లు పీకే కాలంలో మూడు నెలలు కూలికి పోలేకపోయింది. పొద్దున లేచి గోడ పట్టుకుని నడిచేది. ఆ ఏడు దేశం మొత్తం మీద సుమారు 14 లక్షల అనుమానిత కేసులు నమోదయ్యాయి. మన రాష్ట్రం బాగా దెబ్బతిన్న వాటిలో ఒకటి. ఆ జబ్బును మొదట గుర్తించింది 1952లో, ఉగాండాకు పక్కనే ఉన్న నేటి టాంజానియాలో. చికున్‌గున్యా అన్న మాట కూడా అక్కడి మకోండే ప్రజల భాషదే, మనిషి వంగిపోవడం అని అర్థం. మన దేశంలో 1960లలో ఒకసారి వచ్చి, 1973 తరువాత ముప్పై ఏళ్లకు పైగా జాడలేకుండా పోయింది. 2005 చివర మళ్లీ వచ్చినప్పుడు పరీక్షిస్తే అది ఆఫ్రికా రకం వైరస్ అని తేలింది. దాన్ని మోసిన ముఖ్యమైన దోమ ఈడిస్ ఈజిప్టి. మన నీళ్ల డ్రమ్ముల్లో, పగిలిన కుండల్లో, పాత టైర్లలో పెరిగే దోమే. డెంగీని మోసేదీ అదే. ఎల్లో ఫీవర్‌ను ఊళ్లలో మోసేదీ అదే.

మన దగ్గర దోమ ఉంది, వైరస్ లేదు. టీకా వేయించుకున్నవాళ్లు కూడా లేరు. అందుకే మన ప్రభుత్వం ఈ కార్డు విషయంలో అంత గట్టిగా ఉంటుంది. ఎల్లో ఫీవర్ ఉన్న దేశం నుంచి కార్డు లేకుండా దిగినవారిని ఆరు రోజుల వరకు విడిగా ఉంచుతారు. ఆరే ఎందుకంటే, దోమ కుట్టాక జబ్బు బయటపడడానికి మూడు నుంచి ఆరు రోజులు పడుతుంది. కార్డు పది రోజులకు చెల్లడం కూడా ఇటువంటిదే. టీకా వేశాక ఒంట్లో రక్షణ తయారవడానికి ఆ మాత్రం సమయం కావాలి. తేదీ మార్చి రాస్తే అధికారి మోసపోతాడేమో గాని దోమ మోసపోదు. 2016లో అంగోలా దేశంలో ఈ జ్వరం ప్రబలినప్పుడు అక్కడ పనిచేసి స్వదేశానికి తిరిగి వెళ్లిన చైనా వాళ్లలో 11 మందికి జబ్బు బయటపడింది. ఆసియా ఖండంలో ల్యాబ్ పరీక్షతో నిర్ధారణ అయిన మొదటి కేసులు అవే. అదృష్టవశాత్తు అక్కడ వ్యాపించలేదు.

అమ్మ మాట విని టికెట్ మార్పించుకున్నాను. ఆరువేలు పోయాయి. 16న బయలుదేరాను. ఎంటెబ్బె విమానాశ్రయంలో పాస్‌పోర్టు కంటే ముందు కార్డే అడిగారు. విచిత్రమేమంటే ఆ ఎంటెబ్బెలోనే 1936లో ఎల్లో ఫీవర్ పరిశోధనా సంస్థ మొదలైంది. ఇప్పుడు దాన్ని ఉగాండా వైరస్ పరిశోధనా సంస్థ అంటారు. ఎల్లో ఫీవర్ కోసం వెతుకుతూ అక్కడి శాస్త్రవేత్తలు 1947లో దగ్గర్లోని జికా అడవిలో ఒక కోతి రక్తంలో కొత్త వైరస్‌ను కనుగొన్నారు. మీరు పేపర్లో చదివిన జికా అదే.

టీకా ఎక్కడబడితే అక్కడ వేయరు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అందులో ఒకటి. ఈ మందును కలిపాక కొద్ది గంటల్లోనే వాడేయాలి కనుక కేంద్రాలు నిర్ణీత రోజుల్లో మాత్రమే, ముందుగా పేరు నమోదు చేసుకున్నవారికి వేస్తుంటాయి. నెల రోజుల ముందే కనుక్కోండి. పాస్‌పోర్టు తప్పక తీసుకెళ్లాలి. కోడిగుడ్డు పడనివారు, గర్భిణులు, అరవై దాటినవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు ముందుగా డాక్టరుకు చెప్పాలి. ఇది బతికి ఉన్న వైరస్‌తో చేసిన టీకా. వేయకూడని వారికి ఆ సంగతి రాసి వేరే పత్రం ఇస్తారు. కార్డులో మీ పేరు, పాస్‌పోర్టు నంబరు, టీకా బ్యాచ్ నంబరు, కేంద్రం ముద్ర ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. మీ సంతకం మీరే చేయాలి. నా కార్డు మీద పదేళ్లే చెల్లుతుందని రాసి ఉంది. అయితే 2016 జూలై 11 నుంచి అంతర్జాతీయ నిబంధన మారి, పాత కార్డులతో సహా అన్నీ జీవితాంతం చెల్లుతున్నాయి.

పేరు గురించి ఒక మాట. నా మార్కుల మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది. పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. టికెట్‌లో ముందు వెనుకలైంది. ఈ మూడింటికీ పొత్తు కుదర్చడానికి నేను తిరిగిన ఆఫీసులు ఇన్నీ అన్నీ కావు. పదో తరగతి వాళ్లు నామినల్ రోల్స్ పంపేటప్పుడు మీ పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ హెడ్మాస్టరు గారి దగ్గర ఒకటికి రెండుసార్లు చూసుకోండి. అప్పుడు పెన్నుతో దిద్దేది తరువాత నోటరీతో కూడా తేలదు. అలాగే పదో తరగతి పాసైనవారికి పాస్‌పోర్టులో ఇ.సి.ఆర్. ముద్ర ఉండదు. ఆ ముద్ర ఉన్నవారు గల్ఫ్ వంటి 18 దేశాలకు ఉద్యోగానికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఉగాండా ఆ జాబితాలో లేదు గానీ, పక్కనున్న దక్షిణ సూడాన్ ఉంది.

పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. ఉగాండా వీసాకు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తారు. ఎల్లో కార్డును కూడా దానికి జతచేయాలి. పర్యాటక వీసా మీద పంపి "అక్కడికి పోయాక వర్క్ పర్మిట్ వస్తుంది" అనే ఏజెంటును నమ్మవద్దు. ఆ వీసాతో పనిచేయడం నేరం. పట్టుబడితే జైలుకు పోయేది ఏజెంటు కాదు.

మలేరియాకు మాత్రం కార్డు లేదు, ఎవరూ అడగరు. అందుకే మనవాళ్లు దాన్ని మరిచిపోతారు. నేను అక్కడి ల్యాబ్‌లో రోజూ చూసినది మలేరియా స్లైడ్లే. మైక్రోస్కోపులో ఎర్ర రక్తకణాల లోపల చిన్న ఉంగరాల్లా కనిపిస్తుంది ఆ క్రిమి. దాదాపు అన్నీ ప్లాస్మోడియం ఫాల్సిపారం రకమే, అంటే మెదడుకెక్కి ప్రాణం తీసేది. మలేరియా క్రిమిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ మొదట చూసింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. "చిన్నప్పుడు మాకు మలేరియా వచ్చింది, ఇక రాదు" అనేవారిని చాలామందిని చూశాను. ఆ రక్షణ ఏళ్ల తరబడి నిలవదు. పాత క్లోరోక్విన్ మాత్రలు అక్కడి క్రిమి మీద పనిచేయవు. ముందుజాగ్రత్తగా వేసుకునే మాత్రలు వేరే ఉన్నాయి. డాక్సీసైక్లిన్ వెళ్లడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, అక్కడ ఉన్నన్ని రోజులూ వేసుకుని, తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి. వారానికొకసారి వేసుకునే మెఫ్లోక్విన్ ఇంకా ముందుగా మొదలుపెట్టాలి. ఎవరికి ఏది సరిపోతుందో డాక్టరే చెప్పాలి. నాలుగేళ్లు ఉండేవాడు రోజూ మాత్ర మింగలేడు. నేను కొన్ని నెలల తరువాత మానేసి మందు పట్టించిన దోమతెర మీద ఆధారపడ్డాను. అయినా రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష చేసుకున్నాను కాబట్టి బయటపడ్డాను. ఈడిస్ దోమ పగలు కుడుతుంది, మలేరియా దోమ రాత్రి కుడుతుంది. అందుకని తెర ఒక్కటే చాలదు, నిండు చేతుల చొక్కా కూడా కావాలి.

ధనుర్వాతం, టైఫాయిడ్, హెపటైటిస్ టీకాలు డాక్టరును అడిగి వేయించుకోండి. విక్టోరియా సరస్సును చూస్తే ఈత కొట్టాలనిపిస్తుంది. మన బావుల్లో దూకినట్లు దూకకండి. ఆ నీటిలోని నత్తల నుంచి వచ్చే సన్నని పురుగులు చర్మం గుండా ఒంట్లోకి పోతాయి. బిల్హార్జియా అంటారు. ఎబోలా కూడా అప్పుడప్పుడు వస్తుంది. 2000లోనూ, 2022లోనూ, 2025లోనూ వచ్చింది. బయలుదేరే వారంలో వార్తలు చూసుకోవాలి.

తిరిగి వచ్చాక సంగతి కూడా చెప్పాలి. నాతో పనిచేసిన ఒకాయన సెలవుకు ఇంటికి వచ్చిన మూడో వారంలో జ్వరం పడ్డాడు. ఊళ్లో టైఫాయిడ్ అని నాలుగు రోజులు సెలైన్ పెట్టారు. ఎక్కడి నుంచి వచ్చావని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. అయిదో రోజు మాట తడబడుతుంటే నాకు ఫోన్ చేశారు. మలేరియా పరీక్ష చేయించమన్నాను. స్లైడు నిండా ఉంగరాలే. వారం రోజులు ఐ.సి.యు.లో ఉండి బతికాడు. ఆఫ్రికా నుంచి వచ్చిన కొన్ని నెలల వరకు ఏ జ్వరం వచ్చినా "నేను ఫలానా దేశం నుంచి వచ్చాను" అన్న మాట డాక్టరు అడగకముందే చెప్పండి.

నా ఎల్లో కార్డు ఇంకా నా దగ్గరే ఉంది. చూడాలనుకున్నవారికి వార్షికోత్సవం రోజు తెచ్చి చూపిస్తాను.