కొవ్వు కరిగింది, కణాలు అక్కడే ఉన్నాయి

ప్రశ్న: డాక్టరు గారూ, మాది ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు రైల్వే కుటుంబం. మావారు బేరియాట్రిక్ సర్జరీ తర్వాత బాగా తగ్గారు. గోల్‌బజార్ మిఠాయిలు చూస్తే మాత్రం ఆగలేకపోతున్నారు. కరిగిన కొవ్వు మళ్లీ వస్తుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: రావచ్చమ్మా. కొవ్వు కరిగింది కానీ దాన్ని దాచుకునే కణాలు ఎక్కడికీ పోలేదు. సర్జరీకి ముందూ తర్వాతా స్వీడన్ పరిశోధకులు లెక్కగడితే కణాల సంఖ్య తగ్గలేదు, సైజు తగ్గింది. ఆ సంగతి 2008లో వెల్లడైంది. ఏటా పదో వంతు కణాలు చచ్చిపోతున్నా, దాదాపు అన్నే కొత్తవి పుడుతుంటాయి.

ఒళ్లు పెరిగేటప్పుడు కణాలు ఉబ్బిపోతాయి, కొన్ని చచ్చిపోతాయి. వాటి చుట్టూ మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలు మూగి ఇన్‌ఫ్లమేషన్ రేపుతాయి. మధ్యమధ్య నారలాంటి పదార్థం పేరుకుంటుంది. ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడానికి ఇదొక కారణం. బరువు తగ్గాక ఈ మంట చాలావరకు చల్లారుతుంది. అయితే సర్జరీ అయిన రెండేళ్లకు కూడా కొవ్వు కణాల్లో కొన్ని జన్యువుల పనితీరు పాత దారిలోనే ఉందని 2024లో జ్యూరిక్ శాస్త్రవేత్తలు చూపారు. లావుగా ఉన్నప్పటి అలాంటి గుర్తులు కణాల్లో మిగిలిన ఎలుకలు కొవ్వు తిండి పెట్టగానే త్వరగా లావెక్కాయి.

కాబట్టి ఆయన్ని నోటి కట్టుబాటు లేదని దెప్పకండి. మిఠాయి ఇంట్లోకి తేకండి. సర్జరీ అయింది కాబట్టి బి12, ఐరన్, విటమిన్ డి పరీక్షలు మాత్రం మానొద్దు.